వెలిగే అక్రిలిక్ పట్టీతో స్థానం కొలిచే సెన్సర్: వడ్ల మిల్లు హాపర్ గేటుకు ఎలా చేయాలి

హాపర్ గేటు (వడ్లు పోసే తొట్టి కింద జరిగే తలుపు) ఎంత తెరుచుకుందో తెలుసుకోవడానికి సాధారణంగా స్లైడ్ పాట్ (జరిపితే రెసిస్టెన్స్ మారే భాగం) బిగిస్తారు. కరీంనగర్, పెద్దపల్లి, వరంగల్ వైపు మిల్లుల్లో ఎగిరే ఊక దుమ్ముకు అది ఎక్కువ కాలం ఆగదు. దుమ్ము లోపలి కార్బన్ ట్రాక్ మీద చేరుతుంది, దాని మీద బ్రష్ రుద్దుకుంటూ పోతుంది, రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. రాపిడే లేకుండా వెలుగుతో కొలిస్తే ఈ బాధ తప్పుతుంది. ఇక్కడ చెప్పే సెన్సర్ 200 మి.మీ. కదలికను సుమారు 1 మి.మీ. తేడాతో చెబుతుంది. సోల్డరింగ్ వచ్చి, ఆర్డినోలో (ప్రోగ్రాం ఎక్కించే చిన్న కంట్రోలర్ బోర్డు) చిన్న ప్రోగ్రాం రాయగలిగితే పాలిటెక్నిక్ విద్యార్థి కూడా రెండు రోజుల్లో చేసుకోవచ్చు.

సైన్‌బోర్డు షాపుల్లో ఎర్రవి, నారింజవి, చిలకపచ్చవి అక్రిలిక్ షీట్లు అంచుల వెంట వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. వాటికి బల్బు ఉండదు. షీట్‌లో కలిపిన ఫ్లోరసెంట్ రంగు పైన పడిన వెలుగును మింగి, ఇంకొంచెం పొడవైన తరంగంగా అన్ని దిక్కులకూ వదులుతుంది. అక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49. అందుకే 42 డిగ్రీలు దాటి వాలుగా గోడకు తగిలిన వెలుగు బయటికి రాలేదు, లోపలే తిరిగి తిరిగి అంచులకు చేరుతుంది. రెండు వెడల్పు ముఖాల మధ్య అలా చిక్కే భాగం దాదాపు 74 శాతం.

ఇప్పుడు ఆ షీట్ నుంచి సన్నటి పట్టీ కోసి, పైనుంచి ఒక చోట ఎల్‌ఈడీ చుక్క వేశామనుకోండి. చుక్క దగ్గర పుట్టిన వెలుగు రెండు కొసలకూ బయలుదేరుతుంది, దారిలో కొద్దికొద్దిగా తరుగుతుంది. పట్టీ కదలదు, గేటుతో పాటు ఎల్‌ఈడీ జరుగుతుంది. చుక్క ఎడమకు జరిగితే ఎడమ కొసకు ఎక్కువ, కుడి కొసకు తక్కువ చేరుతుంది. ఒక కొస వెలుగును మాత్రమే నమ్మి దూరం లెక్కగడితే ఎల్‌ఈడీ వేడెక్కినా, దాని మీద దుమ్ము పడినా లెక్క తప్పుతుంది. రెండు కొసల నిష్పత్తి తీసుకుంటే ఎల్‌ఈడీ ఎంత వెలిగిందన్నది పైనా కిందా ఒకేలా ఉండి కొట్టేసుకుపోతుంది. ఆ నిష్పత్తి లాగ్ దూరంతో పాటు దాదాపు సరళరేఖలో మారుతుంది. ఈ సెన్సర్‌లో పని చేసేది నిష్పత్తే. తర్వాత చేసే ప్రతి పనీ ఆ నిష్పత్తి చెడకుండా కాపాడడానికే.

పట్టీ ఎంపిక

నారింజ లేదా ఎర్ర ఫ్లోరసెంట్ అక్రిలిక్ 3 మి.మీ. మందం తీసుకోండి. హనుమకొండలో నేమ్‌ప్లేట్లు, అక్షరాల బోర్డులు చేసే దుకాణాల్లో ముక్కలుగా దొరుకుతుంది. చిలకపచ్చ రంగుతోనూ పని జరుగుతుంది కానీ, కొసల దగ్గర వెలుగును కరెంటుగా మార్చే సిలికాన్ ఫోటోడయోడ్‌కు నారింజ వెలుగు పచ్చ కంటే బాగా కనిపిస్తుంది. అంచు వెలుగుతోందా లేదా అన్నదే గుర్తు. మామూలు ఎర్ర పారదర్శక షీట్ కూడా దూరం నుంచి అలాగే ఉంటుంది, దాని అంచు మాత్రం మొద్దుగా చీకటిగా ఉంటుంది. అది పనికిరాదు.

బండ్ల మీద అంటించే రేడియం స్టిక్కర్‌తో చేయొచ్చా అని అడుగుతుంటారు. మనం రేడియం అనే పేరుతో పిలిచేవి రెండు రకాలు, రెండింట్లోనూ రేడియం లేదు. ఒకటి వచ్చిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పికొట్టేది, అందులో వెలుగు పుట్టదు. రెండోది చీకట్లో చాలాసేపు మెరిసేది. గేటు జరిగిపోయాక కూడా పాత చోటు నిమిషాల తరబడి వెలుగుతూనే ఉంటే స్థానం ఎలా తెలుస్తుంది? మనకు కావలసిన ఫ్లోరసెంట్ రంగు ఎల్‌ఈడీ ఆగిన మరుక్షణం, నానోసెకన్లలో, ఆరిపోతుంది.

పట్టీ 300 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు. కదలిక 200, రెండు కొసల దగ్గరా 50 చొప్పున వదులు. ఆ వదులు తగ్గించకండి. చుక్కకు దగ్గర్లో, తాను వదిలిన వెలుగులో పొట్టి తరంగాల భాగాన్ని రంగు మళ్లీ తానే మింగుతుంది, లోపల చిక్కని వెలుగు కూడా కొంత నేరుగా ఫోటోడయోడ్‌కు చేరుతుంది. అందువల్ల కొసల దగ్గర ఆ లాగ్ గీత నిటారుగా వంగి, లెక్కకు లొంగదు.

లేజర్ కటింగ్ చేయించండి. లేజర్ అంచు మెరుస్తూ వస్తుంది, పొడవాటి రెండు అంచులకు అది చాలు. రంపంతో కోస్తే 400, 800, 1200, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో తడిపి వరసగా రుద్ది, చివర మెటల్ పాలిష్ పెట్టాలి. రెండు కొసలను మాత్రం ఎలా కోసినా 2000 దాకా రుద్ది పాలిష్ చేయండి. పట్టీ మీది రక్షణ కాగితాన్ని బిగించే రోజు దాకా తీయకండి.

స్పిరిట్, థిన్నర్, పెట్రోల్, అక్రిలిక్ అతికించే క్లోరోఫాం ఏదీ పట్టీకి తగలకూడదు. లేజర్ వేడికి అంచులో ఒత్తిడి మిగిలి ఉంటుంది. ఆ అంచుకు స్పిరిట్ తగిలితే కొద్దిసేపట్లోనే సన్నటి బీటలు, గాజు పగిలినట్టు, లోపలికి పాకుతాయి. ఆ పట్టీ ఇక పోయినట్టే. సబ్బు నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ తప్ప ఇంకేమీ వాడొద్దు.

ఎల్‌ఈడీ, ఫోటోడయోడ్: కొనేటప్పుడు మోసపోయేది ఇక్కడే

ఎల్‌ఈడీ 520–530 నానోమీటర్ల నిఖార్సైన పచ్చది, 5 మి.మీ., పారదర్శక గుండు ఉన్నది. పాతకాలపు పచ్చ ఎల్‌ఈడీలు 570 దగ్గర పసుపు కలిసిన పచ్చ ఇస్తాయి, నారింజ రంగు దాన్ని సరిగా మింగదు. తేడా తెలియాలంటే 5 వోల్ట్ల సప్లైకి 330 ఓమ్ రెసిస్టర్‌తో వెలిగించి ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య వోల్టేజీ చూడండి. 3 వోల్ట్ల చుట్టుపక్కల ఉంటే మనకు కావలసింది, 2 దగ్గర ఉంటే పాత రకం. ఒక నీలం ఎల్‌ఈడీ కూడా తెచ్చుకోండి. చీకటి అర్రలో రెండింటినీ మార్చి మార్చి పట్టీ మీద పెట్టి కొసల వైపు చూడండి. ఏది పెడితే కొస ఎక్కువ వెలుగుతుందో అదే వాడండి. షీట్‌లో కలిపిన రంగు కంపెనీకో రకంగా ఉంటుంది కాబట్టి కాగితం మీది అంకెల కంటే ఈ పరీక్షే నమ్మకం.

ఫోటోడయోడ్ బీపీడబ్ల్యూ 34, రెండు. వెలుగు పట్టే చోటు 7.5 చదరపు మి.మీ., అంటే సుమారు 2.7 మి.మీ. చదరం. 3 మి.మీ. పట్టీ కొసకు చక్కగా సరిపోతుంది. పారదర్శకంగా ఉన్నదే కొనండి. అదే పేరుకు చివర ఎఫ్ అక్షరం తగిలించి నల్లటి ప్లాస్టిక్‌తో వచ్చేది రిమోట్ల కోసం చేసింది, ఇన్‌ఫ్రారెడ్ తప్ప మామూలు వెలుగును లోపలికి రానివ్వదు. దాన్ని బిగిస్తే అంతా సరిగా ఉన్నా రీడింగ్ సున్నా దగ్గరే కూర్చుంటుంది.

మిగతావి: ఆర్డినో నానో ఒకటి, ఎంసీపీ 6002 ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే) ఐసీలు రెండు, ఒక్కోదాంట్లో రెండు ఆప్‌యాంప్‌లు ఉంటాయి, బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు (1 మెగా, 470 కిలో, 220 కిలో రెండేసి, 47 కిలో రెండు, 1 కిలో మూడు, 100 ఓమ్ మూడు, 220 ఓమ్ ఒకటి), 22 పికోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు రెండేసి, 10 మైక్రోఫారడ్ రెండు, షీల్డ్ ఉన్న మైక్ వైరు. వరంగల్‌లో దొరకనివి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

కొసలకు ఫోటోడయోడ్లు అతికించడం

రెండు భాగాలు కలిపే పారదర్శక ఎపాక్సీ వాడండి. సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి అక్రిలిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. కొస ముఖం మధ్యలో చిన్న చుక్క వేసి, ఫోటోడయోడ్‌ను ఒక పక్క నుంచి మెల్లగా వాల్చుతూ ఆనించండి. నేరుగా నొక్కితే మధ్యలో గాలి బుడగ చిక్కుతుంది. ఫోటోడయోడ్ పట్టీ మందం కంటే కాస్త వెడల్పు కాబట్టి జిగురు పొంగి పట్టీ పైముఖం మీదికి పాకాలని చూస్తుంది. పాకితే అక్కడి నుంచి వెలుగు బయటికి కారిపోతుంది. పొంగింది కనబడగానే అగ్గిపుల్లతో తీసేయండి. ఒక రోజు కదిలించకుండా ఉంచండి.

ఇదే సూత్రం పట్టీ మొత్తానికీ వర్తిస్తుంది. వెలుగును లోపల పట్టి ఉంచేది పట్టీ చుట్టూ ఉన్న గాలి. టేపు, జిగురు, వేలి జిడ్డు ఏది ఆనినా అక్కడ వెలుగు బయటికి పోతుంది. అందుకే పట్టీని రెండు కొసల నుంచి 15 మి.మీ. లోపల, రెండే రెండు చోట్ల, కత్తి అంచులా సన్నగా అరగదీసిన ప్లాస్టిక్ ఆధారాల మీద కూర్చోబెట్టాలి. మిగతా అంతా గాల్లోనే. పట్టుకునేటప్పుడు అంచులనే పట్టుకోండి.

సర్క్యూట్

ప్రతి కొస దగ్గర ఒక చిన్న బోర్డు పెట్టండి. ఫోటోడయోడ్ నుంచి వచ్చేది మైక్రోయాంపుల కరెంటు. దాన్ని పొడవాటి వైరులో నడిపిస్తే మిల్లు మోటార్ల 50 హెర్ట్జ్ గోలంతా అందులో చేరుతుంది. అక్కడికక్కడే వోల్టేజీగా మార్చి పంపితే ఆ తలనొప్పి ఉండదు.

ఫోటోడయోడ్ యానోడ్ గ్రౌండ్‌కు, క్యాథోడ్ ఆప్‌యాంప్ మైనస్ ఇన్‌పుట్‌కు. అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 1 మెగా రెసిస్టర్, దానికి సమాంతరంగా 22 పికోఫారడ్. ప్లస్ ఇన్‌పుట్‌ను నేరుగా గ్రౌండ్‌కు కలపకండి. 5 వోల్ట్ల నుంచి 47 కిలో, 1 కిలో విభజనతో 0.1 వోల్ట్ ఇచ్చి, అక్కడ 10 మైక్రోఫారడ్ పెట్టండి. అవుట్‌పుట్ పూర్తిగా సున్నాకు దిగలేదు కాబట్టి ఈ చిన్న ఎత్తు లేకపోతే తక్కువ వెలుగు రీడింగులు అడుగున కోసుకుపోతాయి. అవుట్‌పుట్‌లో 100 ఓమ్ వరసగా పెట్టి ఆ తర్వాతే మైక్ వైరు కలపండి. సప్లై కాళ్ల దగ్గర 0.1 మైక్రోఫారడ్. వాడని రెండో ఆప్‌యాంప్ అవుట్‌పుట్‌ను దాని మైనస్‌కు కలిపి, ప్లస్‌ను 0.1 వోల్ట్ దగ్గరికి చేర్చండి, గాల్లో వదలొద్దు.

ఫోటోడయోడ్ కాళ్లలో ఏది యానోడ్? మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్ట్‌లలో పెట్టి కిటికీ వెలుగులో కొలవండి. ప్లస్ చూపించే కాలు యానోడ్.

ఎల్‌ఈడీకి 100 ఓమ్ వరసగా, కింద బీసీ 547, దాని బేస్‌కు ఆర్డినో పిన్ నుంచి 1 కిలో. 18 మిల్లీయాంపుల దాకా వస్తుంది.

ఎల్‌ఈడీని పట్టీ మధ్యలో పెట్టి రెండు అవుట్‌పుట్‌లు చూడండి. తర్వాత ఒక్కో కొసకు 50 మి.మీ. దగ్గరికి జరిపి చూడండి. దగ్గరి కొస 4 వోల్ట్లు దాటుతుంటే రెండు బోర్డుల్లోనూ 1 మెగా తీసి 470 కిలో, అదీ ఎక్కువైతే 220 కిలో పెట్టండి. రెండు వైపులా ఒకే విలువ ఉండాలి.

ఇదే దశలో ఇంకో సంగతి తేల్చుకోండి. ఎల్‌ఈడీ కదలిక ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్తే ఎడమ-కుడి నిష్పత్తి కనీసం రెండు రెట్లు మారాలి. మారకపోతే పట్టీ మరీ స్వచ్ఛంగా ఉందన్నమాట. వెలుగు దారిలో తరగకపోతే రెండు కొసలకూ ఎప్పుడూ ఒకేలా చేరుతుంది, స్థానం తెలియదు. మంచి పాలిష్ ఇక్కడ మనకు అడ్డం పడుతుంది. అప్పుడు ఒక పొడవాటి అంచును మాత్రం 1200 వాటర్ పేపర్‌తో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఒత్తిడితో రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ చూడండి. ఎక్కువ రుద్దితే దూరపు కొసకు వెలుగే చేరదు, కాబట్టి కొంచెం కొంచెంగా.

డబ్బా, కదిలే ముక్క

కిటికీలు చేసే అల్యూమినియం షాపులో చతురస్రపు సెక్షన్ 400 మి.మీ. కోయించుకోండి. పొడవునా ఒక చీలిక. లోపల మెరుపు లేని నల్ల పెయింట్. బిగించేటప్పుడు చీలిక కిందికి ఉండాలి, పైకి ఉంటే దుమ్ము నేరుగా లోపల పడుతుంది. స్లైడింగ్ కిటికీ ట్రాకుల్లో పెట్టే బొచ్చు పట్టీ అదే షాపులో మీటర్ల లెక్కన ఇస్తారు. చీలికకు రెండు వైపులా అది అంటిస్తే గేటు కడ్డీ కదులుతుంది, ఊక మాత్రం లోపలికి రాదు. ఫ్లోరసెంట్ రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి కూడా ఈ మూత అవసరమే.

ఎల్‌ఈడీని పట్టుకునే ముక్క నైలాన్‌తోనో, గట్టి చెక్కతోనో చేయండి. ఎల్‌ఈడీ ముందు 2 మి.మీ. రంధ్రం, 10 మి.మీ. లోతు. అప్పుడే చుక్క చిన్నగా పడుతుంది. రంధ్రం నోటికీ పట్టీ వెడల్పు ముఖానికీ మధ్య 2 మి.మీ. ఖాళీ. ఎల్‌ఈడీ వైరు సన్నటి పోగులున్న మెత్తటి వైరు కావాలి, ఉంగరంలా వదులు ఇవ్వండి. గేటుకు బిగించేటప్పుడు మిల్లు మెయిన్ ఆపి, ఇంకెవరూ వేయకుండా చూసుకుని చేయండి.

ప్రోగ్రాం ఏం చేయాలి

ఎల్‌ఈడీ వెలిగించి 150 మైక్రోసెకన్లు ఆగి ఎడమ, కుడి చదవాలి. ఆర్పి మళ్లీ 150 ఆగి రెండూ చదవాలి. వెలిగినప్పటి దాంట్లోంచి ఆరినప్పటిది తీసేస్తే బయటి వెలుగు, 0.1 వోల్ట్ ఎత్తు రెండూ పోతాయి. నానోలో ఒక్కో రీడింగ్‌కు సుమారు 110 మైక్రోసెకన్లు పడుతుంది. వెలిగిన భాగం 500, ఆరిన భాగం 500, మొత్తం ఒక మిల్లీసెకను అయ్యేలా టైము కట్టండి.

అలాంటివి సరిగ్గా 20. ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 20 మిల్లీసెకన్ల పాటు కలిపితే ఆ మినుకు పైకీ కిందికీ సమంగా పడి కొట్టేసుకుంటుంది. 17 గానీ, 23 గానీ తీసుకుంటే రీడింగ్ తేలుతూ మునుగుతూ ఉంటుంది, కారణం ఎంత వెతికినా దొరకదు. మొత్తాలను లాంగ్ రకం వేరియబుల్‌లో పెట్టండి, మామూలు ఇంట్ 32,767 దాటగానే తిరగబడుతుంది. మధ్యలో భాగహారం చేయకండి, దశాంశాలు పోతాయి.

చివరికి ఎడమ మొత్తాన్ని కుడి మొత్తంతో భాగించి నేచురల్ లాగ్ తీయండి. భాగించే ముందు రెండింట్లో ఏదైనా 400 కంటే తక్కువ ఉంటే స్థానం చెప్పకుండా లోపం అని చూపించాలి. ఎల్‌ఈడీ వైరు తెగినప్పుడు గేటు ఫలానా చోట ఉందని అబద్ధం చెప్పే సెన్సర్ మిల్లులో ఉండకూడదు.

ఎంత సూక్ష్మత వస్తుంది? వెలుగు 400 మి.మీ.లో సుమారు 37 శాతానికి తరిగే పట్టీ అనుకుంటే, ఒక మి.మీ. కదిలితే లాగ్ విలువ 0.005 మారుతుంది. 3 వోల్ట్ల సిగ్నల్ దగ్గర అది ఒక్కో వైపు ఒకటిన్నర కౌంటు (ఆర్డినో 5 వోల్ట్లను చదివే 1024 మెట్లలో ఒకటిన్నర మెట్టు) మాత్రమే. 20 రీడింగుల మొత్తం వల్లే అది కనబడుతుంది.

కొలత పట్టిక

డబ్బా పక్కన స్టీలు స్కేలు అంటించి, 0 నుంచి 200 దాకా ప్రతి 10 మి.మీ.కు ఆపి, 50 కొలతల సగటు రాసుకోండి. మొత్తం 21 విలువలు. తిరుగు దారిలో 200 నుంచి 0 దాకా మళ్లీ తీయండి. రెండు దారుల విలువలు తేడాగా ఉంటే అది కడ్డీలో ఉన్న లూజు, సర్క్యూట్‌ను తప్పుపట్టకండి. ఆ 21 విలువలను ప్రోగ్రాంలో పెట్టి, మధ్య విలువలకు సరళరేఖ లెక్క వేయించండి. 5, 15, 25 దగ్గర నిలిపి సరిచూసుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎల్‌ఈడీని 100 మి.మీ. దగ్గర నిలిపి, 100 ఓమ్ తీసి 220 ఓమ్ పెట్టండి. వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది, స్థానం మాత్రం కదలకూడదు. కదిలిందంటే నిష్పత్తిలోకి వేరే ఏదో చేరుతోంది. ఏదో ఒక అవుట్‌పుట్ 5 వోల్ట్లకు తగిలి ఆగిపోయి ఉండొచ్చు, లేదా ఆర్పిన రీడింగ్ తీసివేత సరిగా జరగకపోయి ఉండొచ్చు. ఈ పరీక్ష నెగ్గని సెన్సర్‌ను గేటుకు బిగించకండి.

వాడుకలో వచ్చే తేడాలు

ఎల్‌ఈడీ వేడికి తగ్గడం, రంధ్రంలో దుమ్ము, చుక్క పడే చోట రంగు కాస్త వెలవడం, ఖాళీ కొంచెం మారడం, ఇవి నిష్పత్తిలో కొట్టేసుకుంటాయి. కొట్టేసుకోనివి కూడా ఉన్నాయి. ఫోటోడయోడ్ వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.1 శాతం ఎక్కువ చదువుతుంది. రెండు కొసలూ సమంగా వేడెక్కితే నష్టం లేదు. మే నెలలో ఒక కొస మోటారు పక్కనో, ఎండ పడే రేకు కిందో ఉండి ఇంకోదానికన్నా 10 డిగ్రీలు ఎక్కువైతే 1 శాతం, అంటే పై లెక్కన 2 మి.మీ. తప్పు. డబ్బాను అటువైపు నుంచి జరపండి, కుదరకపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టండి.

నెలకోసారి రెండు కొసల మొత్తం కూడిక చూడండి. మొదటి రోజు దాంట్లో సగానికి వచ్చిందంటే శుభ్రం చేయాలి. అలాగే గేటును 20, 100, 180 దగ్గర నిలిపి స్కేలుతో పోల్చండి. మూడు చోట్లా తప్పు ఒకే వైపు, ఒకే అంత ఉంటే ఒక ఫోటోడయోడ్ జిగురు వదులవుతోందో, ఒక వైపు ఆప్‌యాంప్ గెయిన్ మారిందో చూడండి. అది స్థిరంగా ఉంటే లాగ్ విలువకు ఒక అంకె కలిపితే సరిపోతుంది. మధ్యలో సరిగా ఉండి కొసల దగ్గర తప్పు పెరుగుతుంటే పట్టీ పైముఖం మీద దుమ్మో, గీతలో చేరాయి. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆర్చి, మళ్లీ ఆ మూడు చోట్లా కొలవండి. తుడిచాక కూడా తగ్గకపోతే గీతలు పడ్డాయి, 21 విలువల పట్టిక మళ్లీ తీసుకోవాల్సిందే.